తాలు లెక్క: షిన్యాంగ్ కరువు, 1959–60

చైనాలోని షిన్యాంగ్ జిల్లాలో వచ్చిన ఈ కరువు కేసు అర్థం కావాలంటే ముందు పంట కోత ప్రయోగం ఏమిటో తెలియాలి. ఇరవై ఆరేళ్లు నేను చేసిన పని అది.

మాకు కాగితం ముందే వస్తుంది. ఫలానా ఊరు, ఫలానా సర్వే నంబరు, పొలం నైరుతి మూల నుంచి పొడవునా ఇన్ని అడుగులు, అడ్డంగా ఇన్ని అడుగులు. ఆ అంకెలు మేం ఎంచుకునేవి కావు, రాండమ్ నంబర్ల పట్టికలోంచి వచ్చేవి. అడుగులు ఎక్కడ ఆగితే అక్కడ మేకు కొట్టి, తాడు లాగి, 5 మీటర్లకు 5 మీటర్లు చదరం కడతాం. ఆ చదరంలో ఉన్న వరి మాత్రమే కోసి, పరదా మీద నూర్చి, తూర్పారబట్టి, తాలు పోగా మిగిలిన గింజను కాటా వేస్తాం. మంచి చేను అయితే 14, 15 కేజీలు తూగుతుంది. దాన్ని 162తో హెచ్చవేస్తే ఎకరం దిగుబడి వస్తుంది. 15 కేజీలంటే ఎకరానికి 2,430 కేజీలు, అంటే 75 కేజీల బస్తాలు 32. పనంతా ఇంతే. కష్టం ఒక్కచోటే ఉంది: తాడు లోపల ఏముందో అదే రాయాలి.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక డెల్టా ఊళ్లో నా అడుగులు మురుగుకాలువ పక్కన నీళ్లు నిలిచి దెబ్బతిన్న ముక్కలో ఆగాయి. ఆ రైతు పెద్దాయన, "అక్కడ తాలు తప్ప ఏముంది బాబూ, గట్టు అవతలికి రా, చేను బంగారంలా ఉంది" అన్నాడు. ఊరి పరువు కోసం అన్నాడు పాపం. నేను అక్కడే కోశాను. 9 కేజీలు తూగింది. వారం తర్వాత పై ఆఫీసు నుంచి ఫోను: "చుట్టుపక్కల లెక్కలకు పొంతన లేదు, ఒకసారి సరిచూసుకో." సరిచూసుకో అంటే ఏమిటో మాట్లాడుతున్న ఇద్దరికీ తెలుసు. నేను 9 అనే ఉంచాను. మెమో వచ్చింది, సంజాయిషీ రాసిచ్చాను, నెల రోజులు నిద్రపట్టనంత టెన్షన్ పడ్డాను. అక్కడితో ఆ గొడవ ముగిసింది.

చైనాలో, హెనాన్ ప్రావిన్స్‌లోని షిన్యాంగ్ జిల్లాలో, 1959లో అదే పని చేసినవాళ్లకు ఏమైందో చాలా ఏళ్ల తర్వాత చదివాను. అప్పటి నుంచి కొత్తగా చేరినవాళ్లకు శిక్షణ ఇచ్చిన ప్రతిసారీ ఈ కేసు చెబుతున్నాను. దాన్నే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

చదరంలో 693 కేజీలు

1958 ఆగస్టు 13న చైనా పార్టీ పత్రిక పీపుల్స్ డైలీలో ఒక వార్త వచ్చింది. హుబే ప్రావిన్స్ మాచెంగ్‌లో ఒక ము పొలంలో 36,956 జిన్‌ల వడ్లు పండాయని. జిన్ అంటే అర కేజీ. ము అంటే మన ఎకరంలో దాదాపు ఆరో వంతు. ఈ అంకెను మన లెక్కలోకి మార్చండి. ఎకరానికి 112 టన్నులు. బస్తాల్లో అయితే 1,495. మన 5 మీటర్ల చదరంలో కోస్తే 693 కేజీల గింజ తూగాలి. తరగతిలో ఈ అంకె బోర్డు మీద రాయగానే పొలం చూసిన పిల్లలు వెంటనే నవ్వేస్తారు. నెల తర్వాత, సెప్టెంబరు 18న, గ్వాంగ్సీలోని హువాన్‌జియాంగ్ నుంచి ముకు 1,30,434 జిన్‌లని ప్రకటన వచ్చింది. ఒక్క చదరపు మీటరులో 98 కేజీల వడ్లన్న మాట. ఇది రాసేసరికి తరగతిలో ఎవరూ నవ్వరు.

అదెలా చేశారో తర్వాత బయటపడింది. కోతకు వచ్చిన వరిని చుట్టుపక్కల ఎన్నో మళ్లలోంచి వేళ్లతో సహా పెకలించి తెచ్చి, ఒకే మడిలో గుచ్చారు. పిల్లలు కంకుల మీద నిలబడ్డ ఫోటో తీశారు. కింద బెంచీ పెట్టి తీశారని కూడా తర్వాత చెప్పారు. అంత ఒత్తుగా కుక్కితే లోపల గాలి ఆడక మొక్క కుళ్లిపోతుందని ఆ పని చేసిన రైతులందరికీ తెలుసు. నాట్లు వేసి బతికేవాళ్లకు అది ఎవరో చెప్పక్కర్లేదు.

ఈ రికార్డుల పోటీ మొదలైంది షిన్యాంగ్‌లోనే. ఆ జిల్లాలోని సుయీపింగ్ కౌంటీలో, చాయాషాన్ దగ్గర, 1958 ఏప్రిల్‌లో దేశంలోనే మొదటి ప్రజా కమ్యూన్ పెట్టారు. కమ్యూన్ అంటే ఎన్నో ఊళ్లను కలిపి భూమి, పని, తిండి ఉమ్మడి చేసే వ్యవస్థ. సోవియట్ ఉపగ్రహం పేరు మీద ఈ కమ్యూన్‌కు స్పుత్నిక్ అని పేరు పెట్టారు. జూన్‌లో అక్కడ ముకు 2,105 జిన్‌ల గోధుమ పండిందని ప్రకటించారు. అంతకు ముందు ఏడాది దేశ సగటు చూస్తే ఇది పదిహేను రెట్లకు మించిన అంకె. ఆ తర్వాత ఎవరు పెద్ద అంకె చెప్పినా 'స్పుత్నిక్ ఎగరేశారు' అనడం అలవాటైపోయింది. ఆగస్టు చివర్లో పార్టీ నాయకుల బెయ్‌దాయిహే సమావేశం కమ్యూన్లను దేశమంతా పెట్టమంది. ఏడాది చివరికి దాదాపు 26,000 కమ్యూన్లు ఏర్పడ్డాయి. పల్లెల్లో నూటికి 99 కుటుంబాలు వాటిలో చేరిపోయాయి.

అంత పెద్ద అబద్ధాన్ని ఎవరూ ఎందుకు అడ్డుకోలేదన్నది తరగతిలో ఎప్పుడూ వచ్చే ప్రశ్న. 1957లో 'మితవాదుల' (పార్టీ దారికి ఎదురు చెప్పేవాళ్లని అర్థం) ఏరివేతలో సుమారు 5,50,000 మంది మీద ముద్ర వేశారు. చదువుకున్నవాళ్లు, లెక్కలు తెలిసినవాళ్లు, నోరు విప్పే అలవాటున్నవాళ్లు అందులోనే ఎక్కువ. ఆ మరుసటి ఏడాదే ఈ అంకెలు మొదలయ్యాయి. ఊరి కార్యకర్త పై వాడికి చెప్పే దిగుబడి అతని విశ్వాసానికి కొలత అయిపోయింది. తక్కువ చెప్పినవాడు తక్కువ విశ్వాసం ఉన్నవాడు. సమావేశాల్లో ముందు మాట్లాడినవాడు ఒక అంకె చెబితే, తర్వాతివాడు దానికంటే పెంచక తప్పేది కాదు.

మా వృత్తిలో ఉన్నవాళ్లకు ఇక్కడ ప్రత్యేకంగా బాధ కలిగించే సంగతి ఒకటుంది. 1956 డిసెంబరులో చైనా ప్రధాని చౌ ఎన్‌లై కలకత్తా వచ్చి మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ చూశారు. మన దగ్గర అప్పటికే పంట అంచనాలకు రాండమ్ శాంపిల్ పద్ధతి నడుస్తోంది. 1957 వేసవిలో మహలనోబిస్ చైనా వెళ్లి అక్కడి గణాంకవేత్తలతో ఆ పద్ధతి గురించి మాట్లాడి వచ్చారు. వాళ్లు ఆసక్తి చూపించారు, నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఏడాది తిరక్కుండానే 'గొప్ప ముందంజ' (కమ్యూన్లతో, ఉక్కు కొలిములతో ఉత్పత్తిని ఒక్కసారిగా పెంచాలని మావో నడిపిన ఉద్యమం, గ్రేట్ లీప్ ఫార్వర్డ్) వచ్చి దాన్నంతా తుడిచిపెట్టింది. గణాంక ఆఫీసులు స్థానిక పార్టీ కార్యదర్శుల చేతికింద పడ్డాయి. రాండమ్ శాంపిల్ బదులు 'నమూనా పొలాల' పరిశీలన వచ్చింది. ఏ పొలం నమూనాయో ఎంచుకునేది పార్టీయే. మా ఊరి పెద్దాయన "గట్టు అవతలికి రా" అన్న మాటే అక్కడ దేశ విధానమైంది. మేకు ఎక్కడ కొట్టాలో కొలిచేవాడు కాక కొలిపించుకునేవాడు చెప్పినప్పుడు, ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా తూచినా లాభం లేదు.

అంకె చేసిన పని

1958 చివర్లో ఆ ఏడాది ధాన్యం 37.5 కోట్ల టన్నులని ప్రకటించారు. నిజంగా పండింది సుమారు 20 కోట్లు. తప్పుడు లెక్క కాగితం మీదే ఉండిపోయి ఉంటే ఎవరూ చచ్చేవాళ్లు కాదు. కానీ ఆ అంకెను ఆధారం చేసుకుని ప్రభుత్వం నిజమైన నిర్ణయాలు తీసుకుంది.

ఇంత ధాన్యం ఏం చేసుకుంటారని ఆగస్టులో షూషుయ్ కౌంటీ పర్యటనలో మావో అడిగారు. అది నిజంగానే పెద్ద సమస్య అనుకున్నారు. అందుకని సాగు తగ్గించమన్నారు. మూడో వంతు నేలలో పంట, మూడో వంతు బీడు, మూడో వంతు చెట్లు అన్న మాట వచ్చింది. ధాన్యం వేసిన విస్తీర్ణం 1958లో 12.76 కోట్ల హెక్టార్లు ఉంటే 1959లో 11.6 కోట్లకు పడిపోయింది. కరువు ముంగిట్లో ఉండగా విత్తనం తగ్గించారు.

కమ్యూన్ వంటశాలల్లో కడుపు నిండా తినమన్నారు. 1958 శరదృతువులో కొన్ని నెలలు జనం నిజంగానే తిన్నారు. ఇళ్లలో గిన్నెలు, మూకుళ్లు ఉక్కు కొలిమిలోకి వెళ్లిపోయాయి. ఉక్కు ఉత్పత్తిని ఒక్క ఏడాదిలో రెట్టింపు చేసి 1.07 కోట్ల టన్నులకు తేవాలన్నది లక్ష్యం. పెరటి కొలిమిల దగ్గరికి దాదాపు 9 కోట్ల మందిని తోలారు. కోత కోయాల్సిన చేతులు అక్కడ ఉండిపోవడంతో పండిన పంటలో కొంత పొలంలోనే రాలి కుళ్లిపోయింది. పల్లెల నుంచి పట్టణాలకు జనం వెళ్లడమూ పెరిగింది. 1957లో 9.95 కోట్లున్న పట్టణ జనాభా 1960కి 13 కోట్లు దాటింది. వీళ్లందరి తిండి బాధ్యత ప్రభుత్వానిది.

ఆ తిండి ఎక్కడి నుంచి రావాలి? పల్లె నుంచే. 1953 చివర్లోనే ధాన్యం కొనుగోలు, అమ్మకం రెండూ ప్రభుత్వం గుప్పిట్లోకి వెళ్లాయి. రైతు ఇంకెవరికీ అమ్మకూడదు. సేకరణ కోటా నిర్ణయించేది పండిందని చెప్పిన అంకెను బట్టి. 1957లో పంటలో పావు వంతు తీసుకున్నారు. 1959లో పంట 17 కోట్ల టన్నులకు పడిపోయింది, సేకరణ మాత్రం 6.74 కోట్లకు పెరిగింది. అంటే నూటికి దాదాపు 40. అందులో కొంత తిరిగి పల్లెలకు అమ్మిన మాట నిజమే. అయినా ఆ ఏడాది దేశం నుంచి సుమారు 42 లక్షల టన్నుల ధాన్యం ఎగుమతి అయింది. మనిషికి ఏడాదికి 200 కేజీల చొప్పున వేసుకుంటే 2 కోట్ల మందికి సరిపోయే తిండి అది.

దిద్దుకునే అవకాశం వచ్చిన ఏడు

ఈ కేసు చెప్పేటప్పుడు చాలామంది 1958 అబద్ధాల దగ్గరే ఆగిపోతారు. నా అభిప్రాయం వేరు. అసలు ఘోరం 1959 వేసవిలో జరిగింది.

ఎందుకంటే 1959 వసంతానికి పైవాళ్లకు తెలిసింది. అంకెలు నమ్మదగినవి కావని పార్టీ సమావేశాల్లో చర్చ జరిగింది. ఏప్రిల్ 29న మావో స్వయంగా కింది స్థాయి కార్యకర్తలకు ఉత్తరం రాసి, ఎంత పండితే అంతే చెప్పండి, గొప్పలు పోవద్దు అన్నారు. కోటాలు కాస్త తగ్గాయి. తప్పు దిద్దే యంత్రాంగం నెమ్మదిగా కదలడం మొదలైంది. అయితే అంతకు రెండు నెలల ముందు, ఫిబ్రవరిలో, రైతులు ధాన్యం దాచేస్తున్నారన్న గ్వాంగ్‌డాంగ్ నివేదికను కూడా ఆయనే మెచ్చుకుని దేశమంతా పంపించారు. ఈ రెండు కాగితాల్లో ఏది గెలుస్తుందన్నది జూలై దాకా తేలలేదు.

జూలైలో లూషాన్ కొండ మీద పార్టీ నాయకుల సమావేశం జరిగింది. రక్షణ మంత్రి పెంగ్ దెహువాయ్ 14న మావోకు ఒక ఉత్తరం రాశారు. గొప్పలు చెప్పుకోవడం వల్ల, తొందరపాటు వల్ల జరిగిన నష్టాన్ని మర్యాదగానే ఎత్తి చూపారు. 23న మావో దాన్ని పార్టీ మీద దాడిగా తీసుకుని తిప్పికొట్టారు. పెంగ్ పదవి పోయింది. దేశమంతటా 'మితవాద అవకాశవాదం' మీద పోరాటం మొదలై 30 లక్షల మందికి పైగా ముద్ర పడింది. ఆగస్టు చివర్లో 1958 పంటను 37.5 నుంచి 25 కోట్ల టన్నులకు తగ్గిస్తున్నట్టు ప్రకటించారు. అంటే దిద్దిన లెక్కలో కూడా 5 కోట్ల టన్నుల తాలు మిగిలే ఉంది. ఇంకా తగ్గించాలి అనే ధైర్యం ఆ తర్వాత ఎవరికీ లేకపోయింది.

ఆ సెప్టెంబరులో కింది స్థాయి అధికారి స్థానంలో మిమ్మల్ని మీరు ఊహించుకోండి. పంట తగ్గిందని మీ కళ్లకు కనిపిస్తోంది. రక్షణ మంత్రికి పట్టిన గతి మీరు విన్నారు.

షిన్యాంగ్

షిన్యాంగ్ హెనాన్ ప్రావిన్స్ దక్షిణాన, హువాయ్ నది పరీవాహకంలో ఉంది. వరి, గోధుమ, తేయాకు పండే ప్రాంతం. పేద నేల కాదు, హెనాన్‌కు అన్నం పెట్టే జిల్లాల్లో ఒకటి. జనాభా 80 లక్షలకు పైగా. ప్రావిన్స్ మొదటి కార్యదర్శి ఊ జీపూ. జిల్లా కార్యదర్శి లూ షియన్‌వెన్. గొప్ప ముందంజలో దేశానికి దారి చూపిస్తున్నామన్న పేరు ఇద్దరికీ వచ్చింది. ఆ పేరును కాపాడుకోవాల్సిన పరిస్థితి కూడా ఇద్దరికీ ఉంది.

1959లో అక్కడ వాన లేదు. పంట బాగా దెబ్బతింది. జిల్లా పరిపాలనాధికారి జాంగ్ షూఫాన్ తక్కువ అంచనా వేసి చెప్పారు. ఆయన్ని మితవాది అని సమావేశంలో నిలబెట్టి విమర్శించారు. పైకి వెళ్లిన అంకె నిజానికి దాదాపు రెట్టింపు. కోటా ఆ అంకె మీదే పడింది. తిండి గింజలు, పశువుల దాణా, విత్తనాలు అన్నీ కలిపి ఊడ్చినా కోటా నిండలేదు. లెక్క ప్రకారం ధాన్యం ఉండాలి. ఊళ్లో కనిపించడం లేదు. ఆ కాలపు అధికార భాషలో దానికి ఒకటే అర్థం: దాచేశారు.

అలా 'దాచిన పంట' కోసం వెతుకులాట మొదలైంది. ఇళ్ల గోడలు తవ్వారు, నేలలో చువ్వలు గుచ్చి చూశారు, మనుషుల్ని కట్టేసి కొట్టారు. గ్వాంగ్‌షాన్ కౌంటీలో కౌంటీ కమిటీ కార్యదర్శుల్లో ఒకరైన జాంగ్ ఫూహాంగ్ మీద మితవాది ముద్ర పడింది. 1959 నవంబరులో సభలో తోటి కార్యకర్తలే ఆయన్ని కొట్టారు, జుట్టు పీకారు. ఆ దెబ్బలకే ఆయన చనిపోయారు. పార్టీలో అంత పెద్ద పదవిలో ఉన్న మనిషికే ఇలా అయితే, ఊరి లెక్కలు రాసే గుమాస్తా ఏం చేయగలడు? ఈ చోటికి వచ్చినప్పుడు నాకు నా మెమో గుర్తొస్తుంది, సిగ్గుగా అనిపిస్తుంది. అంత చిన్న కాగితానికి అంత భయపడ్డానే అని.

ఆ చలికాలానికి వంటశాలల్లో గింజ అయిపోయింది. ఇక్కడ కాస్త దగ్గరగా చూడాలి. కమ్యూన్ వంటశాలలో పెద్ద గంగాళం ఉంటుంది. అందులో నీళ్లు, ఆకులు, దొరికితే కాస్త పిండి. పైన తేలేది నీళ్లే, అడుగున చిక్కగా ఉంటుంది. గరిటె ఎంత లోతుకు ముంచారన్నదే మనిషి బతకడానికీ చావడానికీ తేడా. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని మనవాళ్లు పెళ్లి భోజనాల దగ్గర సరదాగా అంటారు. అక్కడ అది ప్రాణాల మీది మాట. పనికి రానివాడికి, ఎదురు మాట్లాడినవాడికి తిండి ఆపేయడం శిక్షగా వాడారు. వృద్ధులు, జబ్బు మనుషులు, పిల్లలు ముందు పోయారు. ఇంట్లో వండుకుందామంటే గిన్నె లేదు. ఉన్నా పొయ్యి వెలిగిస్తే పొగ కనిపిస్తుంది, పొగ కనిపిస్తే సోదాకు వస్తారు.

జనం చెట్ల బెరడు తిన్నారు, గడ్డి తిన్నారు, మెత్తటి బంకమట్టి తిన్నారు. మనిషి మాంసం తిన్న సంఘటనలు కూడా అధికారిక విచారణల్లో నమోదయ్యాయి. అంతకు మించి దాని గురించి రాయడానికి నాకు చేతులు రావడం లేదు. ఒళ్లు నీరు పట్టి వాచిపోయినవాళ్లకు ఆకలి వల్ల అని రాసే స్వేచ్ఛ వైద్యులకు లేదు. అంటే దిగుబడి లెక్కే కాదు, చావు లెక్క కూడా పై మాట ప్రకారమే రాయాలి.

పారిపోదామన్నా దారి లేదు. రోడ్ల మీద, రైల్వే స్టేషన్లలో మిలీషియా (స్థానిక సాయుధ దళాల) కాపలా. 1958 జనవరిలో వచ్చిన నివాస నమోదు చట్టం వల్ల అనుమతి లేకుండా పల్లె వదిలి పట్టణంలో ఉండటమే నేరం. బంధువులకు, పై అధికారులకు రాసిన ఉత్తరాలను పోస్టాఫీసుల్లోనే ఆపేశారు. అలా పట్టుకున్నవి 12,000కు పైగా. మన ఊళ్లలో పాతకాలంలో కరువొస్తే మూటా ముల్లే కట్టుకుని వలస పోయేవాళ్లు. ఆ ఆఖరి దారిని కూడా ఇక్కడ మూసేశారు.

ఇదంతా జరుగుతున్నప్పుడు ఆ జిల్లా ప్రభుత్వ గోదాముల్లో ధాన్యం ఉంది. కాపలా కూడా ఉంది. తెరవమనే ఉత్తర్వు రాలేదు. తెరవాలని అడగడమంటే పంట లేదని ఒప్పుకోవడమే.

1960 చివరికి షిన్యాంగ్‌లో దాదాపు 10 లక్షల మంది పోయారు. సుమారు ఎనిమిది మందిలో ఒకరు.

వాన లేక చచ్చారా?

చైనా ప్రభుత్వం చాలా ఏళ్లు దీన్ని 'మూడేళ్ల ప్రకృతి వైపరీత్యాలు' అంది. తర్వాత 'మూడేళ్ల కష్టకాలం' అనడం మొదలుపెట్టింది. పేరు పెట్టడం చిన్న సంగతి కాదు. గుంటూరు సీమలో 1832–33లో వచ్చినదాన్ని మన జనం డొక్కల కరువు అన్నారు. చూసినవాళ్లు పెట్టిన పేరు అది, అందుకే అందులో డొక్కలు కనిపిస్తాయి. ఆఫీసు పెట్టిన పేరులో మనిషి కనిపించడు.

వాతావరణం అసలు కారణమే కాదని నేను అనను. 1959, 60లలో చాలా చోట్ల అనావృష్టి, కొన్ని చోట్ల వరదలు. కానీ పక్కపక్కనే ఉన్న రెండు ప్రావిన్సుల్ని చూడండి. ప్రభుత్వం తర్వాత విడుదల చేసిన లెక్కల ప్రకారమే 1960లో అన్‌హుయ్‌లో వెయ్యికి 68 మందికి పైగా చనిపోయారు. దాన్ని ఆనుకున్న జియాంగ్సీలో వెయ్యికి 16 మంది. సరిహద్దు దగ్గర ఆకాశం మారిపోదు. మారింది ఎక్కడ ఎంత ఊడ్చుకుపోయారన్నది, అంకెల పోటీలో ఎవరు ఎంత ముందుకెళ్లారన్నది. 1961లో దేశాధ్యక్షుడు లియు షావోచీ హునాన్‌లోని తన సొంత ఊరికి వెళ్లి, మరుసటి ఏడాది మొదట్లో ఏడు వేల మంది కార్యకర్తల మహాసభలో హునాన్ రైతుల మాటే చెప్పారు: మూడు వంతులు ప్రకృతి, ఏడు వంతులు మనిషి.

దేశం మొత్తం మీద ఎంతమంది పోయారన్నది ఇంకా వాదనే. జననమరణాల లెక్కలు కూడా ఆ గొడవలోనే పాడయ్యాయి. 1982 జనాభా లెక్కలు, ఆ తర్వాత విడుదలైన పాత మరణాల రేట్లు చూసి జనాభా శాస్త్రవేత్తలు వెనక్కి లెక్కగట్టారు. తక్కువ అంచనా ఒకటిన్నర కోటి దగ్గర మొదలవుతుంది. ఎక్కువమంది 3 కోట్ల చుట్టూ చెబుతారు. 4.5 కోట్లు అన్నవాళ్లూ ఉన్నారు. ఒక వయసు పిల్లలు ఉండాల్సినంత మంది లేరని గ్రాఫులో గుంట పడుతుంది. ఆ గుంటలోంచే ఇదంతా బయటికి వచ్చింది.

ఇక్కడ ఒక ఇంటి మాట చెప్పాలి. మా ఇంట్లో ఎర్రజెండా మీద ప్రేమ ఉండేది. మా నాన్న చైనా విప్లవాన్ని మనసారా నమ్మిన మనిషి. ఈ అంకెలు మొదటిసారి నేను ఇంట్లో చెప్పినప్పుడు, "అమెరికావాళ్లు రాయించారురా" అన్నారు. చైనా ప్రభుత్వమే ఇచ్చిన మరణాల రేట్ల పట్టిక చూపించాను. కళ్లజోడు పెట్టుకుని 1960 వరుస మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. అన్‌హుయ్ దగ్గర వేలు ఆగింది. ఆ తర్వాత ఆ సంగతి మీద మా ఇద్దరి మధ్య ఎప్పుడూ వాదన జరగలేదు. పేదవాడి కడుపు కోసమే ఆయన ఆ జెండా పట్టారు. అందుకే ఆయనకు ఆ పట్టిక నాకంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

అదే కాలంలో మన దగ్గర జరిగింది కూడా ఒకటి చెప్పాలి. చైనా సహకార వ్యవసాయం చూసి రమ్మని 1956లో మన ప్రభుత్వం బృందాలను పంపింది. చూసి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మెచ్చుకున్నారు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సభ ఉమ్మడి సహకార సేద్యానికి తీర్మానం చేసింది. నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి. రంగా దాన్ని గట్టిగా ఎదిరించారు, కాంగ్రెస్ నుంచి బయటికి వచ్చి అదే ఏడాది స్వతంత్ర పార్టీ మొదటి అధ్యక్షుడయ్యారు. ఆయన రాజకీయాలన్నీ నాకు నచ్చుతాయని కాదు. కానీ ఆయన ఊరూరా తిరిగి తన వాదన చెప్పారు, పత్రికలు రాశాయి, ఇంటికి క్షేమంగా వెళ్లారు. సరిగ్గా ఆ నెలల్లోనే జాంగ్ ఫూహాంగ్‌ను కొట్టి చంపారు.

ఏం మారింది

1960 నవంబరు 3న కేంద్రం నుంచి పన్నెండు అంశాల అత్యవసర ఆదేశం వచ్చింది. ఇంటి పెరటి మడులు తిరిగి ఇచ్చారు, కమ్యూన్లు ఇష్టం వచ్చినట్టు ఊళ్ల ఆస్తులు లాక్కోవడం ఆపమన్నారు. 1961లో వంటశాలలు మూసేశారు. ఎవరి పొయ్యి వాళ్లు వెలిగించుకున్నారు. కెనడా, ఆస్ట్రేలియాల నుంచి ఆ ఏడాది 50 లక్షల టన్నులకు పైగా ధాన్యం దిగుమతి చేసుకున్నారు. రెండేళ్ల ముందు అదే ప్రభుత్వం 42 లక్షల టన్నులు ఎగుమతి చేసింది. పట్టణాలకు వచ్చిన కోట్ల మందిలో సుమారు 2 కోట్ల మందిని వెనక్కి పంపారు. 1962 నుంచి పంట కోలుకుంది. విధానం మార్చాక ఒకటి రెండేళ్లలోనే చావులు ఆగిపోయాయి. 1959 వేసవిలోనే మార్చి ఉంటే అప్పుడే ఆగి ఉండేవి.

షిన్యాంగ్ మీద విచారణ జరిగింది. లూ షియన్‌వెన్‌ను పదవి నుంచి తీసేసి నిర్బంధించారు. ఊ జీపూ 1961లో ప్రావిన్స్ మొదటి కార్యదర్శి పదవి పోగొట్టుకున్నారు. కానీ కేంద్రం ఒప్పుకున్న వివరణ ఏమిటంటే, అక్కడ పాత భూస్వామ్య శక్తులు పార్టీలో దూరి అధికారం లాక్కున్నాయని. కోటా ఏ అంకె మీద వేశారు, ఆ అంకె ఎవరు అడిగారు అన్న ప్రశ్న పైదాకా వెళ్లలేదు. మా భాషలో చెప్పాలంటే, తప్పు తూచిన కాటాను పట్టుకున్నారు, తప్పు తూచమన్న చేతిని పట్టుకోలేదు.

మా వృత్తికి సంబంధించి ఒక్క మంచి అడుగు పడింది. 1962 ఏప్రిల్‌లో పార్టీ కేంద్ర కమిటీ, ప్రభుత్వం కలిసి గణాంక వ్యవస్థను బలపరిచే నిర్ణయం చేశాయి. గణాంక సిబ్బందిని స్థానిక కార్యదర్శుల చేతికింద నుంచి తప్పించి, పై నుంచి కింద దాకా ఒకే శాఖ అజమాయిషీలో పెట్టారు. పంట దిగుబడి కొలవడానికి ప్రత్యేక బృందాలు ఏర్పడ్డాయి. పొలానికి వెళ్లి, కోసి, తూచి, ఆ ఊరి కార్యదర్శిని అడగకుండా అంకె పంపే బృందాలు. నాలుగేళ్లకు మావో పిలుపుతో సాంస్కృతిక విప్లవం అనే మరో రాజకీయ ఉద్యమం వచ్చింది, ఆ బృందాలను రద్దు చేశారు. మళ్లీ పల్లెల్లో శాంపిల్ సర్వే బృందాలు వచ్చేసరికి 1980లు వచ్చాయి.